టోక్యోలో చూసే చోట్లకు టికెట్లు కొంటున్నారా? రీసెల్లర్లతో జాగ్రత్త

చెర్రీ పూల సీజన్‌కో, దసరా సెలవులకో టోక్యో ప్లాన్ చేసుకుంటున్నవాళ్లకు ఒక హెచ్చరిక. పేరూ ఊరూ లేని దొంగ సైట్లను ఎవరైనా పసిగడతారు. చిక్కంతా అందంగా, నమ్మకంగా కనిపించే మధ్యవర్తి సైట్లతోనే. వాళ్లు చాలాసార్లు అమ్మేది వోచర్. "టైమ్ స్లాట్ తర్వాత కన్ఫర్మ్ చేస్తాం" అని అడుగున చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. డబ్బు ముందే కట్ అవుతుంది, స్లాట్ దొరక్కపోతే మీ తిప్పలు మీవి. తేదీ, ప్రవేశ సమయం, స్థలం పేరు, క్యూఆర్ కోడ్ లేదా బుకింగ్ నంబరు, ఈ నాలుగూ మెయిల్లో ఉంటేనే టికెట్ చేతికొచ్చినట్టు.

ముందు యానిమేషన్ సినిమాల స్టూడియో గిబ్లీ వాళ్ల మ్యూజియం సంగతి. మితాకాలో ఉన్న ఈ మ్యూజియంలో గేటు దగ్గర టికెట్లు అమ్మరు. ప్రతి నెలా 10వ తేదీన జపాన్ టైమ్ ఉదయం 10 గంటలకు తర్వాతి నెల టికెట్లన్నీ ఒకేసారి తెరుస్తారు. మనకు అది ఉదయం 6:30. పెద్దవాళ్లకు 1000 యెన్లే. బుక్ చేసినవాళ్ల పేరు టికెట్ మీద ఉంటుంది, పాస్‌పోర్ట్ చూపించమని అడగొచ్చు, తిరిగి అమ్మడం నిషేధం. కాబట్టి వేరే పేరుతో ఉన్న టికెట్‌ను ఎంత ధర పెట్టి కొన్నా లోపలికి పంపిస్తారన్న హామీ లేదు. పైగా గిబ్లీ పార్క్ అని ఇంకొకటి ఉంది. 2022 నవంబరులో తెరిచిన ఆ పార్కు నగోయా పక్కన, ఐచి ప్రిఫెక్చర్‌లో ఉంది. టోక్యో నుంచి నగోయాకే నొజొమి షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు)లో గంటా నలభై నిమిషాలు. రెండింటి ఫొటోలూ ఒకే పేజీలో కలిపి పెట్టేవాళ్లున్నారు, చూసి కొనండి.

అసలు సైట్‌లో కార్డు ఫెయిలవగానే కంగారులో రీసెల్లర్ దగ్గరికి పరిగెత్తేవాళ్లే ఎక్కువ. ముందు రోజే బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్, ఆన్‌లైన్ లావాదేవీలు రెండూ ఆన్ చేసి, లిమిట్ పెంచుకోండి. రెండు వేర్వేరు బ్యాంకుల కార్డులు దగ్గర పెట్టుకోండి. రూపాయల్లో కడతారా, యెన్లలోనా అని అడిగితే యెన్లే నొక్కండి. రూపాయలు ఎంచుకుంటే మారకం రేటు వాళ్లిష్టం.

తర్వాతిది షిబుయా స్కై. ఊరంతా కనిపించేలా ఒక భవనం మీద 229 మీటర్ల ఎత్తున ఓపెన్ రూఫ్‌టాప్. అందరికీ కావాల్సింది సూర్యాస్తమయం స్లాట్, మోసమూ అక్కడే. రెండు వారాల ముందు, జపాన్‌లో అర్ధరాత్రి దాటగానే ఆన్‌లైన్ టికెట్లు తెరుచుకుంటాయి. మనకు అది ముందురోజు రాత్రి 8:30. సాయంత్రం స్లాట్లు చూస్తుండగానే అయిపోతాయి. వాటిని దొరకబుచ్చుకోలేని ఏజెంట్ సాయంత్రం 6 గంటల టికెట్‌కు "సన్‌సెట్" అని పేరు పెట్టి అంటగడతాడు. టోక్యోలో డిసెంబరులో పొద్దు గుంకేది నాలుగున్నరకే, జూన్ చివర్లో ఏడింటికి. అంటే డిసెంబరులో 6 గంటలకు పైకెళ్తే కనిపించేది కటిక చీకటి, కింద దీపాలు. మీరు వెళ్లే తేదీకి సూర్యాస్తమయం ఎప్పుడో చూసి, కనీసం 45 నిమిషాల ముందు స్లాట్ తీసుకోండి. గాలి గట్టిగా వీచినా, వాన పడినా రూఫ్‌టాప్ మూసేయొచ్చు, లోపలి 46వ అంతస్తు మాత్రం తెరిచే ఉంటుంది. కాబట్టి రూఫ్ మూసినంత మాత్రాన డబ్బు వెనక్కి వస్తుందనుకోవద్దు. పైకి బ్యాగులు, టోపీలు తీసుకెళ్లనివ్వరు, లాకర్లో పెట్టాలి. దానికి 100 యెన్ల నాణెం ఒకటి జేబులో ఉంచుకోండి.

వెలుగులతో డిజిటల్ కళను చూపించే టీమ్‌ల్యాబ్ మ్యూజియం టోక్యోలో రెండు చోట్ల ఉంది. ప్లానెట్స్ టొయొసులో, బోర్డర్‌లెస్ అజబుదాయ్ హిల్స్‌లో (2024 ఫిబ్రవరి నుంచి). ఒదైబాలో ఉన్న పాత బోర్డర్‌లెస్ 2022లోనే మూతపడింది, అయినా ఆ పాత అడ్రసు ఇంకా తిరుగుతూనే ఉంది. ఒకదాని టికెట్ ఇంకోచోట చెల్లదు. ప్లానెట్స్‌లో చెప్పులు విప్పి మోకాలిదాకా నీళ్లలో నడవాలి. చుడీదార్ పైకి మడవడం కుదరదు, వదులు ప్యాంటు వేసుకోండి.

స్కైట్రీ టవర్ ఎత్తు 634 మీటర్లు, కానీ ఎక్కనిచ్చేది 350, 450 మీటర్ల దగ్గరున్న రెండు డెక్‌లకే. 450 ఫొటో పెట్టి 350 టికెట్ మాత్రమే అమ్మే ప్యాకేజీలు కోకొల్లలు. ఎత్తు నుంచి ఊరు కనిపిస్తే చాలనుకుంటే షింజుకులో టోక్యో మెట్రోపాలిటన్ గవర్నమెంట్ భవనం 45వ అంతస్తు, 202 మీటర్ల ఎత్తు, పూర్తిగా ఉచితం. సెన్సోజీ గుడి, మెయిజీ జింగూ, ఇంపీరియల్ ప్యాలెస్ ఈస్ట్ గార్డెన్స్ కూడా ఉచితమే (గార్డెన్స్‌కు సోమ, శుక్రవారాలు సెలవు). వీటికి "ఎంట్రీ టికెట్" అని ఎవరైనా డబ్బు అడిగితే పేజీ మూసేయండి.

టోక్యో ఒక్కటే చూసేవాళ్లు జేఆర్ పాస్ (దేశమంతా జేఆర్ రైళ్లెక్కే పాస్) కొనడం దండగ. 7 రోజుల పాస్ 2023 అక్టోబరులో 29,650 నుంచి 50,000 యెన్లకు పెరిగింది. టోక్యో సబ్‌వే టికెట్ మెట్రో, తొయేయి లైన్లకే. యమనోటె లైన్ జేఆర్‌ది, అందులో అది పనిచేయదు.

రోడ్ల మీద గో-కార్ట్ నడపాలని ఉంటే 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చిన ఐడీపీ (విదేశాల్లో బండి నడిపే పర్మిట్) బుక్‌లెట్ ఉండాలి. అది మన ఆర్టీఓ ఇస్తుంది, ఏడాది చెల్లుతుంది. ఇంటర్నెట్‌లో "ఇంటర్నేషనల్ లైసెన్స్" అని అమ్మే ప్లాస్టిక్ కార్డు చిత్తుకాగితంతో సమానం. డబ్బు కట్టేశాక, సరైన కాగితం లేదని అక్కడ నిలిపేస్తారు.

వీధిలో రెండే జాగ్రత్తలు. ఉఎనో, అసకుసా వైపు కాషాయం కట్టి, చేతికి పూసల దండో, బంగారు రంగు కార్డో ఇచ్చి విరాళం అడిగేవాళ్లను పట్టించుకోవద్దు. బార్లు ఎక్కువగా ఉండే కబుకిచోలో "రండి, చీప్" అంటూ వెంటపడేవాళ్లతో ఏ బార్లోకీ వెళ్లొద్దు, బిల్లు చూశాక వాదించి లాభం ఉండదు.

ఇప్పటికే వోచర్ కొనేసినవాళ్లు స్లాట్ ఎప్పుడిస్తారో ఈరోజే రాతపూర్వకంగా అడగండి. కొన్న పేజీ, షరతులు, కార్డు మెసేజ్ స్క్రీన్‌షాట్లు తీసి దాచండి. చెప్పిన టైమ్‌కు టికెట్ రాకపోతే డబ్బు వెనక్కి ఇప్పించమని బ్యాంకుకు చార్జ్‌బ్యాక్ పెట్టండి. దానికి గడువు ఉంటుంది, ఊరు తిరిగొచ్చాక చూద్దాంలే అనుకోకండి.