కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు: చదువు చెప్పడమా, కాగితాలు ఇప్పించడమా?

రెండో సెమిస్టర్ పరీక్షలు అయిపోగానే మా డిగ్రీ పిల్లలు ఏటా ఇదే అడుగుతారు: "మేడమ్, కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కింద చేయాల్సిన ఈ 180 గంటలు ఏం చేస్తే నిజంగా పేదవాళ్లకు పనికొస్తుంది?" ఈసారి నెల్లూరు వైపు ఒక యానాది గిరిజనుల కాలనీని ఎంచుకున్న పిల్లలు కూడా అడిగారు. వాళ్లకు చెప్పిందే రాస్తున్నాను.

సర్వే, ర్యాలీ సులువు. ఫారాలు నిండుతాయి, ఫొటోలు వస్తాయి. ఆ ఇంటివాళ్లకు మాత్రం ఏమీ మిగలదు. ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) వాళ్ల ఏడు రోజుల క్యాంపు మంచిదే, కానీ అందులో ఊరి కంటే మనమే ఎక్కువ నేర్చుకుంటాం.

అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే: కాలనీ పిల్లలకు సాయంత్రం చదువు చెప్పడం, ఆ ఇళ్లవాళ్లకు ప్రభుత్వ కాగితాలు ఇప్పించడం. సాయంత్రం చదువు అంటే నాకు ప్రేమ. అయిదో తరగతికి వచ్చినా కూడబలుక్కుని చదివే పిల్ల, నెల తిరిగేసరికి పాఠం గడగడా చదివితే ఆ సంతోషం వేరు. ఇబ్బంది ఏమిటంటే, పిల్లలు మనకు అలవాటు పడే వేళకు కాలేజీ తెరుస్తారు, మనం వెళ్లిపోతాం.

అందుకే నేను కాగితాల పనికే ఓటేస్తాను. ఆ కాలనీలో కొందరు పిల్లలకు ఆధార్ లేదు. జనన ధ్రువపత్రం లేదు కాబట్టి ఆధార్ లేదు. కాన్పు ఇంట్లోనో, కాపలాకు వెళ్లిన రొయ్యల చెరువు దగ్గరో జరిగింది కాబట్టి ధ్రువపత్రం లేదు. ఏడాది దాటిన పుట్టుకను నమోదు చేయించాలంటే ఆర్డీవో ఆఫీసు దాకా వెళ్లాలి. వెళ్లిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోతుంది. రెండుసార్లు "రేపు రా" అంటే ఆ తల్లి మూడోసారి వెళ్లదు. అక్కడితో ఎస్టీ సర్టిఫికెట్, స్కాలర్‌షిప్, బడికెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే 'తల్లికి వందనం' డబ్బు అన్నీ ఆగిపోతాయి. వయసు ధ్రువపత్రం లేదని బడిలో చేర్చుకోకపోవడం కుదరదని విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. ఆ సంగతి ఆ తల్లికి ఎవరు చెప్పారు? ఎంత బాగా చదివే పిల్లకైనా ఈ ఒక్క కాగితం లేకపోతే దారి మూసుకుపోతుంది. అది చేతికొస్తే మనం వెళ్లిపోయాక కూడా దానితో పని జరుగుతూనే ఉంటుంది.

ఇందులో మేము ఒక తప్పు చేశాం. మొదటి ఏడాది దరఖాస్తులన్నీ మా పిల్లలే నింపి, వాళ్లే ఇచ్చి వచ్చారు. సెలవులు అయిపోయాక ఏది ఎక్కడ ఆగిందో ఆ తల్లులకు తెలియలేదు. మళ్లీ మా ఫోన్ల కోసం ఎదురుచూశారు. అది నన్ను చాలా బాధపెట్టింది. ఇప్పుడు పద్ధతి మార్చాం. ఆఫీసులో తల్లే మాట్లాడుతుంది, మా పిల్లలు పక్కన నిలబడతారు. రసీదు ఆమె దగ్గరే ఉంటుంది. రెండోసారి ఒకామె ఒంటరిగా గ్రామ సచివాలయానికి వెళ్లి, రసీదు చూపించి అడిగి వచ్చింది.

ఇద్దరు కలిసి పది ఇళ్లకు మించి తీసుకోకండి. ఆధార్ జిరాక్సులు మీ దగ్గర ఉంచుకోకండి. "తప్పకుండా వస్తుంది" అని మాట ఇవ్వకండి. ఏ తేదీన ఏ ఆఫీసుకు వెళ్లారో, ఏమన్నారో లాగ్‌బుక్‌లో రాయండి. ఆఫీసు పనంతా పగటి పూటే కాబట్టి సాయంత్రాలు ఖాళీ. చదువు చెప్పాలని మనసుంటే అప్పుడు చెప్పండి.