ట్రిఫారీ నగ మేలా, మిరియం హాస్కెల్ నగ మేలా?

చిలకలపూడి నగలు ఎరిగిన కంటికి అమెరికా పాత కవరింగ్ నగలు మరీ కొత్తగా అనిపించవు. ఇరవయ్యో శతాబ్దం నడిమి దశాబ్దాల్లో తయారైన ఆ నగల్లో ఒక్కటే కొనదలచినవారు ట్రిఫారీ, మిరియం హాస్కెల్ అనే రెండు న్యూయార్క్ సంస్థల పేర్ల మధ్య ఎటూ తేల్చుకోలేకపోతుంటారు.

ట్రిఫారీ బలమంతా నమూనాల రూపకర్త ఆల్‌ఫ్రెడ్ ఫిలిప్. అంతకుముందు అసలు వజ్రాల నగలకు నమూనాలు గీసిన ఆయన 1930లో ఈ సంస్థలో చేరి, గాజు రాళ్లను సైతం వజ్రాలంత శ్రద్ధగా పొదిగించారు. 1953లో ఐసెన్‌హోవర్ అధ్యక్షుడైన సందర్భంగా జరిగిన నృత్యోత్సవానికి ఆయన సతీమణి మామీ ధరించినవి ట్రిఫారీ కృత్రిమ ముత్యాలే. నా మటుకు, రెండో ప్రపంచ యుద్ధకాలంలో మామూలు లోహాలకు కరువొచ్చినప్పుడు వెండి మీద బంగారు పూతతో చేసిన, దుస్తులకు గుచ్చుకునే అలంకార పిన్నులే ఈ సంస్థ సరుకులో మేలైనవి. వాటి వెనుక, వెండిదని తెలిపే స్టెర్లింగ్ ముద్ర ఉంటుంది. నగల నమూనాలకు కాపీరైటు వర్తిస్తుందని 1955లో కోర్టు తేల్చాక నగ మీది ట్రిఫారీ పేరు పక్కన కాపీరైటు గుర్తు (©) కూడా చేరింది కనుక, నగ వయసును కొత్తవారైనా సుమారుగా పోల్చుకోగలరు.

మిరియం హాస్కెల్ అనే ఆమె 1926లో మొదలుపెట్టిన సంస్థ పద్ధతి వేరు. ఆ నగను తిప్పి, భూతద్దం పెట్టి చూడాలి. జాలీలా అచ్చుకొట్టిన ఇత్తడి రేకు రంధ్రాల్లోంచి సన్నని తీగను లాగి, చిన్న చిన్న ముత్యాలను ఒక్కొక్కటిగా చేత్తో కట్టి, ఆ కట్లు కనిపించకుండా వెనుక మరో రేకు అమర్చారు. కరీంనగర్ తీగపని గుర్తుకొస్తుంది గాని, ఇక్కడి పనితనం రేకులో లేదు, కట్టులో ఉంది. హాలీవుడ్ తార జోన్ క్రాఫర్డ్ ఈ నగలంటే పడిచచ్చేది.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. తొలి రెండు దశాబ్దాల హాస్కెల్ నగల్లో చాలావాటికి ముద్ర లేదు కాబట్టి, ఏ అనామక నగనైనా ఆమె పేరు చెప్పి అంటగట్టేవారుంటారు. పైగా గాజు ముత్యాల మీది పూత చెమటకూ అత్తరుకూ పొరలుగా లేచిపోతుంది.

అందుచేత మొదటిసారి కొనేవారికి నేను స్టెర్లింగ్ ముద్ర ఉన్న ట్రిఫారీ పిన్నునే సూచిస్తాను. నా సంగతి అడిగితే, పూత చెదరని ముత్యాలతో, తీగ వదులు కాని హాస్కెల్ హారం కనబడితే ధర కాస్త ఎక్కువైనా వెనుకాడను.