రూగర్ సూపర్ రెడ్‌హాక్ .44 మాగ్నమ్: ముందు రీలోడింగ్ బల్లకి చోటు చూసుకోండి

అందం కోసమైతే ఈ రివాల్వర్ కొనకండి. సిలిండర్ దాటాక కూడా ఫ్రేమ్ ముందుకి మందంగా సాగుతుంది, అందులోంచి బ్యారెల్ పొడుచుకొస్తుంది. మా ఆయన మొదటిసారి చూసి "ప్లంబర్ దగ్గర కొన్నావా?" అన్నారు.

కానీ .44 మాగ్నమ్ అనే బలమైన తూటా కాల్చే చేతికి కావాల్సింది ఆ ఇనుమే. 7.5 అంగుళాల బ్యారెల్ ఉన్న ఈ మోడల్ ఖాళీగానే 53 ఔన్సులు, అంటే కిలోన్నర. ఇందులో ఎక్కువగా వాడే 240 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు) బుల్లెట్ మామూలు 9 ఎంఎం బుల్లెట్‌కి దాదాపు రెట్టింపు బరువు. ఫుల్ లోడ్‌లో, అంటే పూర్తి శక్తితో చేసిన తూటాలో, అది సెకనుకి 1,300 అడుగుల పైచిలుకు వేగంతో బయటికొస్తుంది. ఆ దెబ్బని కొంత బరువు, కొంత మెత్తటి రబ్బరు గ్రిప్ మింగేస్తాయి. నేను పెద్ద మనిషినేం కాదు, ఐదడుగులు దాటి రెండంగుళాలు. అయినా శాన్ ఆంటోనియో ఎండలో ఒక పూటంతా కాల్చి, సాయంత్రం ఫార్మసీలో డ్యూటీ చేయగలుగుతున్నాను. తేలికపాటి .44 రివాల్వర్‌తో అయితే రెండో సిలిండర్‌కే మణికట్టు వద్దంటుంది.

ట్రిగ్గర్ గురించి నిజం చెప్పాలి. హ్యామర్ వెనక్కి లాగి కాలిస్తే శుభ్రంగా తెగుతుంది. లాగకుండా కాలిస్తే బరువుగా ఉంటుంది, ఇంకో .44 రివాల్వర్ స్మిత్ అండ్ వెసన్ 629 దీనికన్నా నునుపు. అయినా నేను ఇదే తీసుకున్నాను. గురి చూసే స్కోప్‌ని బిగించే రింగులు డబ్బాలోనే వస్తాయి, వాటికి గాడులు ఫ్రేమ్‌లోనే ఉన్నాయి.

ఇక అసలు విషయం తూటాలు. షాపులో కొంటే ఒక్కోటి డాలర్‌కి పైనే పడుతుంది, పైగా ఎక్కువ భాగం ఫుల్ లోడే. రోజూ అంత దెబ్బ ఎవరికి కావాలి? అందుకే ఈ రివాల్వర్ రీలోడింగ్ చేసేవాళ్ళదే అంటాను. కాల్చిన ఇత్తడి కేసులు ఏరుకుని, సైజు చేసి, కొత్త ప్రైమర్ (పౌడర్‌ని అంటించే చిన్న బిళ్ళ), పౌడర్, బుల్లెట్ పెట్టుకుంటే మన చేతికి సరిపడే తూటా మనమే తయారుచేసుకోవచ్చు. కేసు గోడలు తిన్నగా ఉంటాయి కాబట్టి కార్బైడ్ డై (కేసుని సైజు చేసే గట్టి అచ్చు) ఉంటే నూనె రాయాల్సిన పని కూడా లేదు.

పౌడర్‌కీ బుల్లెట్‌కీ వాడే గ్రెయిన్ లెక్క ఫార్మసిస్టుని కాబట్టి నాకు కొత్త కాదు. 325 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మాత్ర పాత కొలతలో 5 గ్రెయిన్లే. త్రాసు సున్నా సరిచూసుకోకుండా ఏదీ తూచలేని చాదస్తం నాది. ఇంట్లో విసుక్కుంటారు కానీ ఈ పనికి అది ఉండాల్సిందే.

నేను ఎక్కువగా కాల్చేది సీసం బుల్లెట్, కొంచెం యూనిక్ పౌడర్‌తో చేసిన మెత్తటి లోడ్. పాతదైన .44 స్పెషల్ తూటా కూడా ఈ సిలిండర్‌లో పడుతుంది కానీ అది అంగుళంలో ఎనిమిదో వంతు పొట్టి. ఆ ఖాళీలో మసి వలయంలా గట్టిపడి, తర్వాత మాగ్నమ్ తూటా సరిగ్గా దిగదు. అందుకే మెత్తటి లోడ్‌ని కూడా మాగ్నమ్ కేసులోనే చేస్తాను. ఒక్క జాగ్రత్త: అంత పెద్ద కేసులో యూనిక్ అడుగునే ఉండిపోతుంది, పొరపాటున రెండుసార్లు పోసినా పొంగదు. బుల్లెట్ పెట్టే ముందు ప్రతి కేసులోకీ టార్చి వేసి చూస్తాను.

ఫుల్ లోడ్‌కి హెచ్110 అనే పౌడర్. దాని తీరు వేరు, కేసు దాదాపు నిండుతుంది, ఎక్కువ మంట ఇచ్చే మాగ్నమ్ ప్రైమర్ అడుగుతుంది. "ఎందుకైనా మంచిది, తగ్గించి పోద్దాం" అనుకుంటే ఇక్కడ కుదరదు. మరీ తగ్గితే సరిగ్గా అంటుకోక బుల్లెట్ బ్యారెల్‌లోనే ఇరుక్కోవచ్చు. పౌడర్ అమ్మే హాడ్జ్‌డన్ వాళ్ళే 3 శాతానికి మించి తగ్గించొద్దంటారు. ఎన్ని గ్రెయిన్లో నేను రాయను, మీ బుల్లెట్‌కి తగ్గ లెక్క మాన్యువల్‌లోనే చూసుకోండి.

క్రింప్, అంటే బుల్లెట్ కదలకుండా కేసు మూతిని నొక్కడం, ఆ సంగతి యూట్యూబ్‌లో చాలామంది ఒక ముక్కలో తేల్చేస్తారు. రివాల్వర్ వెనక్కి తన్నిన ప్రతిసారీ సిలిండర్‌లో మిగిలిన కేసులు దాంతోపాటు వెనక్కి వస్తాయి, బుల్లెట్ మాత్రం ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. కేసు మూతి గట్టిగా నొక్కకపోతే బుల్లెట్ కొంచెం కొంచెంగా ముందుకి జారి, చివరికి సిలిండర్ తిరగకుండా అడ్డం పడుతుంది. ఆరూ నింపి, ఐదు కాల్చి, ఆరోదాన్ని తీసి క్యాలిపర్‌తో కొలవండి. ముందు కొలిచిన పొడవే రావాలి. రాకపోతే ఆ బ్యాచ్‌ మొత్తం పక్కన పెట్టండి.

సీసం విషం, దాని గురించి చెప్పకపోతే నా చదువు దండగ. బల్ల దగ్గర టీ, బిస్కెట్లు వద్దు, లేచాక చేతులు సబ్బుతో కడగండి, పిల్లలు తిరిగే గదిలో ఈ పని పెట్టుకోకండి.

షాపులో ఇదే రివాల్వర్‌ని .454 కాసుల్ అనే ఇంకా బలమైన తూటాకి చేసిన రకంలో కూడా చూపిస్తారు. .44 మాగ్నమ్ గరిష్ఠ ప్రెషర్ 36,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) అయితే దానిది 65,000. అలాస్కాలో ఎలుగుబంట్ల మధ్య తిరిగేవాళ్ళకి అది పనికొస్తుందేమో. అట్ట మీద గురి చూసుకునే మనకి .44 చాలు. డబ్బుంటే మంచి త్రాసు కొనుక్కోండి.