రీలోడ్ తూటాలు కొంటున్నారా? ముందు బుల్లెట్‌ని నొక్కి చూడండి

ప్రాక్టీస్ కోసం 9 ఎంఎం రీలోడ్ తూటాల (ఒకసారి కాల్చిన ఇత్తడి కేసులోనే మళ్లీ పౌడర్ నింపి, కొత్త బుల్లెట్ బిగించినవి) పెట్టె ఒకటి కొన్నాను. "ఫ్యాక్టరీ సరుకుకి ఏమాత్రం తీసిపోదు" అన్నాడు అమ్మినాయన. చూడ్డానికి నిజంగానే బాగున్నాయి, ఇత్తడి తళతళలాడుతోంది. మ్యాగజైన్‌లో నింపేముందు ఒకదాని మొనని బల్లకి ఆనించి గట్టిగా నొక్కితే బుల్లెట్, అంటే కాల్చినప్పుడు బయటికెళ్లే ఆ మొన, కేసులోకి జారిపోయింది. పక్కదీ అంతే. డబ్బులు వెనక్కివ్వనన్నాడు, ఆ గొడవ వేరే.

కాస్త లోపలికి దిగితే ఏమైందిలే అనుకోవద్దు. బుల్లెట్ కింద మిగిలిన ఖాళీలోనే పౌడర్ మండుతుంది. జాగా ఇరుకైతే ప్రెషర్ పెరుగుతుంది, ఆ ప్రెషర్‌కి పౌడర్ ఇంకా వేగంగా కాలుతుంది, దాంతో ప్రెషర్ మళ్లీ ఎగబాకుతుంది. 9 ఎంఎం కేసు అసలే చిన్నది, అందులో ఒక మిల్లీమీటరు చాలా పెద్ద తేడా. ఈ తూటాకి అమెరికా ప్రమాణాల సంస్థ సామీ పెట్టిన గరిష్ఠ ప్రెషర్ పరిమితి 35,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). అది బాగా దాటితే కేసు అడుగు చిట్లొచ్చు, ఆ వేడి గ్యాస్ మన చేతి మీదికే రావొచ్చు. పైగా పిస్టల్‌లో ప్రతి తూటా ఛాంబర్‌లోకి (బారెల్ వెనక తూటా కూర్చునే చోటు) వెళ్తూ, దాని ముందున్న ఏటవాలు ర్యాంపుకి గుద్దుకుంటుంది. పట్టు లేని బుల్లెట్ అక్కడే వెనక్కి దిగిపోతుంది, మనకి కనబడదు కూడా.

పట్టు ఎందుకు లేదా అని కాలిపర్‌తో కొలిచాను. బుల్లెట్ మందం దాదాపు 9.02 మిల్లీమీటర్లు ఉండాలి, వీటిలో చాలావరకు అంతకన్నా సన్నం. సన్నటి బుల్లెట్‌ని కేసు బిగించి పట్టుకోలేదు. బారెల్‌లోనూ అదే తంటా: బుల్లెట్ తనని తిప్పే లోపలి మెలికల గాడుల్ని ఒరుసుకుంటూ, గ్యాస్ తప్పించుకోకుండా అడ్డుపడాలి. సన్నగా ఉంటే గ్యాస్ పక్కల నుంచి పోతుంది, బుల్లెట్ సరిగ్గా తిరగదు, టార్గెట్ మీద గుండ్రటి చిల్లు బదులు అడ్డంగా చీలిన గుర్తు పడుతుంది.

ఇలాంటి సరుకులో పౌడర్ తూకం మాత్రం సరిగ్గా ఉంటుందని నమ్మకమేంటి? పేలుడు బదులు 'టప్' మని నీరసంగా వినిపిస్తే వెంటనే ఆపేయండి. బుల్లెట్ బారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు, దాని వెనక ఇంకోటి కాలిస్తే బారెల్ ఉబ్బుతుంది, పగలొచ్చు కూడా.

పెట్టె మీద బుల్లెట్ బరువు, పౌడర్ పేరు, తూకం, నింపినవాళ్ల వివరం లేకపోతే కొనకండి. కొనేసి ఉంటే తూటా మొత్తం పొడవు కొలవండి, 29.69 మిల్లీమీటర్లు గరిష్ఠం. ఒకే పెట్టెలో ఒక్కోటి ఒక్కో పొడవుంటే ఆ పెట్టె మొత్తం పక్కన పెట్టేయండి.