నల్గొండ నుంచి కడియం: అల్లం జాతి పూలమొక్కలు తెచ్చుకునేవారికి

నల్గొండ నుంచి కడియం నర్సరీలకు సూర్యాపేట, విజయవాడ, రావులపాలెం మీదుగా ఒకవైపే సుమారు 350 కిలోమీటర్లు. రెండు రోజులు పెట్టుకోవాలి. మహబూబ్‌నగర్ వాళ్లకు ఇంకా దూరం. జులై, ఆగస్టు మంచి అదను. మే నెలలో తెచ్చిన టార్చ్ జింజర్ (దివిటీలాంటి పువ్వు పూసే అల్లం జాతి మొక్క) మన వడగాలికి ఆకు చుట్టేసి నిలువునా ఎండిపోతుంది.

బసకు రాజమండ్రి మేలు, అన్ని ధరల్లో లాడ్జీలు దొరుకుతాయి. మొదటిరోజు తిరిగి మొక్కలు చూసి పక్కన పెట్టించండి. రెండోరోజు పొద్దున్నే ఎత్తుకుని నేరుగా బయల్దేరితే, లాడ్జి ముందు మూసిన కారులో మొక్కలు రాత్రంతా ఉక్కిపోవు. ధర రోడ్డు పక్కన ఒక్కచోటే విని ఒప్పుకోకుండా లోపలి తోటల్లోనూ అడగాలి.

ఎత్తుగా ఎదిగిన ఒంటి కాండం కన్నా, పొట్టిదైనా మూడు పిలకలున్న కవరే తీసుకోండి. మొదలు దగ్గర దుంపను వేలితో నొక్కితే గట్టిగా ఉండాలి. మెత్తబడినా కుళ్లు వాసన వచ్చినా వదిలేయండి. పక్క మొక్క వడలి ఉంటే దాని కాండం మొదలు దగ్గరి ముక్క కోయించి, గ్లాసుడు నీళ్లలో కదపకుండా నిలబెట్టి చూడండి. కాసేపట్లో కోసిన చోటు నుంచి పాలలాంటి సన్నటి దారం దిగిందంటే అది బ్యాక్టీరియా వడలు తెగులు. ఆ మడిలో ఏదీ కొనొద్దు, ఆ మట్టి ఇంటికి రావొద్దు.

సరుకు లారీలో వేస్తే ఖర్చు తగ్గుతుంది కానీ ఎండకూ గాలికీ ఆకులు చీలికలవుతాయి. అయిదారు మొక్కలకు సొంత బండే నయం. వేళ్ల దగ్గర తడి గోనె చుట్టండి, భోజనానికి ఆగినా నీడలోనే.

అసలు చిక్కు ఇంటికొచ్చాకే. కడియం కవర్లలో ఉండేది జిగట ఒండ్రు మట్టి. దాన్ని అలాగే ఎర్రమట్టి నింపిన కుండీలో దించితే చుట్టూ ఆరిపోతుంది, లోపలి ముద్ద మాత్రం తడిగానే ఉండి దుంప కుళ్లుతుంది. వారం నీడలో ఉంచి, ఆ ముద్ద పైపొర చేతివేళ్లతో వదులు చేసి నాటండి. ఎర్రమట్టి రెండు పాళ్లు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు. దుంప మీద రెండంగుళాల మట్టి చాలు.

ఆకు చివర్లు మాడితే చాలామంది తెగులనుకుని మందు కొడతారు. ఎక్కువసార్లు కారణం బోరు నీళ్ల ఉప్పే. ఆ నీళ్లు కాచినా ఉప్పు పోదు, ఇంకా చిక్కబడుతుంది. వాన నీళ్లో, భగీరథ నల్లా నీళ్లో పోయండి. నెలకోసారి కుండీకి మూడింతల నీళ్లు పోసి అడుగు నుంచి కారిపోనివ్వండి. లేత ఆకు పసుపై ఈనెలు పచ్చగా ఉంటే ఇనుము లోపం. చీలేటెడ్ ఐరన్ (మొక్క సులువుగా పీల్చుకునే ఇనుము మందు) లీటరు నీళ్లకు అర గ్రాము కలిపి సాయంత్రం పిచికారీ చేయండి.

ఎర్ర అల్పీనియాకు (రెడ్ జింజర్) పువ్వు కాండం కొసనే వస్తుంది. అందంగా ఉంటుందని కొసలు కత్తిరిస్తే పూత పోయినట్టే. పూసి వాడిన కాండాన్నే మొదలంటా తీయాలి.

సయాం తులిప్ (పసుపు జాతి పూలమొక్క) చలికాలంలో ఆకు రాలిస్తే చచ్చిందని పారేయకండి. నీళ్లు ఆపేసి కుండీని వాన పడని చోట పెట్టండి. ఎండాకాలం చివర మొలక కనిపించాకే తడి ఇవ్వాలి.