దశాబ్దం, దశకం: ఏది ఎక్కడ?

పదేళ్ల కాలాన్ని చెప్పడానికి తెలుగులో వాడే ఈ రెండు సంస్కృత పదాలనూ చాలామంది ఒకదాని బదులు మరొకటి రాసేస్తుంటారు కానీ, వాటి పుట్టుక వేరు, పని కూడా కొంత వేరు.

దశ, అబ్దం కలిసి సవర్ణదీర్ఘ సంధితో దశాబ్దం అయింది. నీళ్లను ఇచ్చేది అనే వ్యుత్పత్తితో అబ్దమంటే మొదట మేఘం. ఆ మాటే సంవత్సరానికీ పేరైంది. వానను, ఏడాదిని ఒకే మాటతో చెప్పే ‘వర్షం’లోనూ ఇదే చూపు కనిపించడం నాకు ఎంతో ఇష్టమైన విషయం. దశకంలో మాత్రం కాలం ప్రసక్తే లేదు. పంచకం, అష్టకం, శతకం లాగే అది పదింటి సమూహం. పది శ్లోకాల గుంపు కూడా దశకమే.

వాడుకలో నిడివిని చెప్పేటప్పుడు దశాబ్దమే సరిగ్గా అతుకుతుంది: ‘రెండు దశాబ్దాల సేవ’ ఏ సంవత్సరం నుంచైనా మొదలుకావచ్చు. క్యాలెండరులో పేరున్న పదేళ్లకు, అంటే 1990 నుంచి 1999 వరకు ఉన్న కాలానికి, ‘1990వ దశకం’ అనడం స్థిరపడింది. అయితే 20వ శతాబ్దం 2000తో ముగుస్తుంది కనుక, ఆ శతాబ్దపు చివరి దశాబ్దం లెక్క ప్రకారం 1991లో మొదలవుతుంది. ఒక్క ఏడాది తేడాయే అయినా, చరిత్ర రాసేవారు ఈ రెండింటినీ కలిపేయకూడదని నా అభిప్రాయం.