అమలాపురంలో మాష్టారి అద్దె పుస్తకాల గది

అమలాపురంలో కాలువ దాటి లోపలి వీధిలోకి తిరిగితే, ఒక పాత మండువా ఇంటి వీధి గదిలో విశ్రాంత హిందీ పండితులొకరు పుస్తకాలు అద్దెకిస్తున్నారు. గుమ్మం మీద బోర్డు లేదు; అరుగు కింద చెప్పులు కనిపిస్తే గది తెరిచి ఉన్నట్టు లెక్క. డిపాజిట్టు 300 రూపాయలు, పుస్తకానికి 15 రోజులకు 10 రూపాయలు, గడువు దాటితే రోజుకు రూపాయి. సాయంత్రం అయిదింటికి తెరిచి ఏడున్నరకు మూసేస్తారు. ఏడాదిగా ఇక్కడి నుంచి పుస్తకాలు తెచ్చుకుంటున్నాను కనుక మంచీ చెడూ రెండూ చెప్పగలననే ధైర్యంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను వెళ్లేది ముఖ్యంగా ఒక్క అర కోసం. ఉమ్మడి కాపురాల మీద వచ్చిన హిందీ, ఉర్దూ కథలూ నవలలూ ఒకచోట చేర్చి, అట్టముక్క మీద 'ఉమ్మడి' అని రాసి మాష్టారు ఆ అరకు అంటించారు. భాషను బట్టి విడదీయలేదేమని అడిగితే, "ప్రేమ్‌చంద్‌ని ఎటు పెట్టమంటారమ్మా?" అన్నారు. ఆ మాట నిజమే, ఆయన ఉర్దూలోనూ హిందీలోనూ రాసిన కథకుడు. ఆయన 'బడే ఘర్ కీ బేటీ' (గొప్పింటి బిడ్డ) కథ 1910లో కాన్పూరు ఉర్దూ పత్రిక 'జమానా'లో వచ్చింది. ఇవాళ దాన్ని హిందీ పిల్లలు పాఠంగా చదువుకుంటున్నారు. ఉర్దూ పుస్తకాలన్నీ నాగరి లిపిలోకి మార్చిన ప్రతులే. దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు రాష్ట్రభాష వరకు రాసి మానేసిన నాలాంటివాళ్లు కూడా నిఘంటువు పక్కన పెట్టుకుంటే చదువుకోవచ్చు.

ఆ కథతోనే మొదలుపెట్టాను. గౌరీపూర్ జమీందారు ఇంటికి కోడలిగా వచ్చిన ఆనంది, మరిది లాల్‌బిహారీ తెచ్చిన మాంసం వండుతూ ఇంట్లో ఉన్న కాస్త నెయ్యీ అందులోనే వేసేస్తుంది. పప్పులోకి నెయ్యి లేదని మరిది రేగుతాడు, పుట్టింటిని ఎత్తిపొడుస్తాడు, చివరికి పావుకోడు విసురుతాడు. అడ్డుపెట్టిన చెయ్యి వేలికి దెబ్బ తగులుతుంది. ఉమ్మడి కుటుంబాన్ని వేనోళ్ల పొగిడే భర్త శ్రీకంఠుడు, శనివారం పట్నం నుంచి ఇంటికొచ్చి సంగతి విని, ఇక ఈ ఇంట్లో ఉండనని తండ్రి ముఖం మీదే చెప్పేస్తాడు. ఇల్లు విడిచిపోతున్న మరిదిని ఆపి కాపురం నిలిపేది మళ్లీ ఆనందే. ముగింపులో మామగారు కోడలిని మెచ్చుకునే చోట నాకు కొంత చిరాకు కలిగింది. దెబ్బ తిన్నదీ ఆమే, సర్దుకున్నదీ ఆమే, మెప్పు మాత్రం ఆమె పుట్టిన ఇంటి గొప్పదనానికి దక్కింది. అయినా ఆ నెయ్యి సంగతి దగ్గర పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను.

కొత్తపేట దగ్గరి పల్లెలో నేను మూడో కోడలిగా అడుగుపెట్టిన ఇంట్లో నలుగురన్నదమ్ములది ఒకే పొయ్యి. నేతి గిన్నె అత్తయ్యగారి చేతిలోనే ఉండేది. కొడుకుల విస్తట్లో గరిటె నిండుగా వంగేది, మనవల దగ్గర సగం వంగేది, కోడళ్ల పంక్తికి వచ్చేసరికి గరిటె గిన్నె అంచుకు రాసుకునే చప్పుడే ఎక్కువ వినిపించేది. ఆవిడ పిసినారి కాదు; కొబ్బరి దింపు డబ్బులొచ్చిన రోజున కోడళ్లందరికీ ఒకే ధర చీరలు కొనిపించేవారు. కానీ ఆ ఇంట్లో ఎవరి స్థానమేమిటో ఆ గరిటె రోజూ చెప్పేది. మా ఇంట్లో ముందు పొయ్యిలు వేరయ్యాయి, ఆ తర్వాత రెండేళ్లకు గాని పొలాలు పంచుకోలేదు.

మాష్టారి అరలో ఉన్న మంచి పుస్తకాలన్నీ ఈ వంటింటి లెక్క తెలిసినవారు రాసినవే. రాజేంద్ర యాదవ్ హిందీ నవల 'సారా ఆకాశ్'లో కొత్త కోడలు ప్రభ వండిన పప్పులో ఉప్పు ఎక్కువై భర్త సమర్ పళ్లెం ముందు నుంచి లేచిపోతాడు. ఆ ఉప్పు వేసిన చెయ్యి తోడికోడలిది. ఆ తర్వాత భార్యాభర్తలు ఒకే కప్పు కింద మాటల్లేకుండా బతకడాన్ని ఆయన ఎంత ఓపికగా రాశారంటే, చదువుతున్న మనకే ఎవరైనా నోరు విప్పితే బాగుండుననిపిస్తుంది. బాసు చటర్జీ దీన్ని 1969లో ఆగ్రాలోనే సినిమాగా తీశారు.

నాకు అన్నిటికంటే నచ్చినది ఖదీజా మస్తూర్ 'ఆంగన్'. ఈ ఉర్దూ నవల 1962లో వచ్చింది. ఆంగన్ అంటే లోపలి వాకిలి, మన మండువా లాంటి చోటు. దేశ విభజనకు ముందటి సంవత్సరాల్లో, తండ్రి జైలుపాలయ్యాక ఆలియా తల్లితో కలిసి పెదనాన్నగారింట్లో తలదాచుకుంటుంది. ఆయన కాంగ్రెసు మనిషి, ఇంటి డబ్బంతా రాజకీయాలకే పోస్తాడు. అదే ఇంట్లో పెరుగుతున్న ఛమ్మీ ముస్లిం లీగు జెండా పట్టుకుంటుంది. బయట దేశం రెండు ముక్కలవుతుంటే, లోపల వాకిట్లో ఆ తగువే అన్నం దగ్గరా నడుస్తుంది. వీళ్లందరికంటే నన్ను వదలనివాడు ఇస్రార్ మియా. తాతగారికి పెళ్లికాని సంబంధం వల్ల పుట్టినవాడు కాబట్టి వీధి గదిలోనే ఉంటాడు, లోపలికి రాకూడదు. అందరి టీలూ అయ్యాయేమో, తనకేమైనా మిగిలిందేమోనని బయటి నుంచే నెమ్మదిగా అడుగుతాడు. వంటమనిషి కరీమన్ బువా విసుక్కుంటుంది. కథలో ఆయన చేసే పని అంతకుమించి పెద్దగా లేదు. అయినా ఆ గొంతు వినిపించిన ప్రతిసారీ ఆ ఇంటి పరువు ఎంత ఖరీదుదో తెలిసిపోతుంది. మా వైపు ఇళ్లలో అరుగు మీద భోంచేసి వెళ్లే చుట్టాలు ఎందుకు లోపలికి రారో చిన్నప్పుడు నేను అడిగి తిట్లు తిన్నాను.

ఆదివారం మధ్యాహ్నాలు పక్క గదిలో టీవీ మీద పాత ధారావాహికలు చూపిస్తారు, దీనికి వేరే రుసుము లేదు. 1984 జులైలో దూరదర్శన్‌లో మొదలైన 'హమ్ లోగ్' అక్కడే చూశాను. మనోహర్ శ్యామ్ జోషీ రాసిన ఆ ఇంట్లో తాగుబోతు తండ్రి బసేసర్ రామ్, ముసలి తల్లిదండ్రులు, పెరిగిన పిల్లలు, చాలని గదులు, చాలని జీతం. ఆడపిల్లలను బడ్కీ, మఝ్లీ, ఛుట్కీ అని పిలుస్తుంటే, పెద్దమ్మాయి, నడిపమ్మాయి, చిన్నమ్మాయి అనే మన పిలుపులే గుర్తొచ్చాయి. ప్రతి భాగం చివర అశోక్ కుమార్ వచ్చి నాలుగు మాటలు చెబుతారు. మాష్టారు అక్కడ టీవీ ఆపి వాటికి తెలుగు చెప్పడం మొదలుపెడతారు, ఆ వ్యాఖ్యానం అసలు భాగం కంటే పొడుగ్గా సాగుతుంది. ఇది కొంత తగ్గించుకుంటే మేలు.

2000లో మొదలై 2008 వరకు నడిచిన 'క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ' ధారావాహిక పేరెత్తితే మాష్టారు ఒప్పుకోరు. ఆ ఇంట్లో బియ్యం ఎంత మిగిలిందని అడిగేవారే లేరని ఆయన అభ్యంతరం. అది సరైనదే, నగలూ కుట్రలూ వచ్చి నేతి గిన్నెను మరుగు చేసేశాయి. కానీ పూర్తిగా తీసిపారేయడం మాత్రం నాకు నచ్చలేదు. 'మా టీవీ' చానల్లో 'చిన్నారి పెళ్లికూతురు'గా వచ్చిన 'బాలికా వధు' నడిచిన రోజుల్లో మా పెద్ద తోడికోడలు, వేరుపడి పదేళ్లయినా, నాయనమ్మ దాదీసా తెర మీదికి వస్తే చాలు కొంగు సర్దుకుని కూర్చునేది. అందులోని చిన్న కోడలి పేరూ ఆనందే. మా తోడికోడలికి ప్రేమ్‌చంద్ తెలియడు గాని ఆ గరిటె చప్పుడు తెలుసు.

లోపాలూ చెప్పాలి. జాబితా అనేది లేదు. ఏ పుస్తకం ఎక్కడుందో మాష్టారి జ్ఞాపకమే దిక్కు. 1996 నవంబరు తుపానుకు పెంకులు లేచిపోయి తడిసిన ప్రతులు కొన్ని ఇప్పటికీ అద్దెకు తిరుగుతున్నాయి, పేజీలు విప్పదీస్తుంటే చిరుగుతాయి. అన్నిటికంటే నొచ్చుకున్నది కృష్ణా సోబ్తీ 'మిత్రో మరజానీ' అడిగినప్పుడు. నడిపి కోడలు మిత్రో తన దేహం గురించి, కోరిక గురించి దాపరికం లేకుండా మాట్లాడే నవల అది. "అది మీకెందుకులెండమ్మా, భాష మొరటు" అని ఆయన పై అరలోకి తోసేశారు. యాభై దాటిన మనిషికి, ముగ్గురు తోడికోడళ్లతో పద్నాలుగేళ్లు ఒకే పొయ్యి దగ్గర నిలబడినదానికి, ఆ భాష కొత్త కాదని చెప్పి మూడో వారానికి గాని తీసుకోలేకపోయాను. పాఠకులు ఏం చదవాలో అద్దె తీసుకునేవారు నిర్ణయించకూడదు.

తెచ్చుకున్న ప్రతిలో చివరి నాలుగు పేజీలు లేవు. వెనక్కి తీసుకెళ్లి చూపిస్తే మాష్టారు సిగ్గుపడ్డారు. రాజమండ్రిలో ఉన్న పాత శిష్యుడి దగ్గర మంచి ప్రతి ఉందని, అందులోంచి ఆ పేజీలు స్వయంగా చేత్తో రాసి అతికిస్తానని, అద్దె వద్దని అన్నారు. వచ్చే శుక్రవారం రమ్మన్నారు.